పేదకు అన్నం పెట్టడానికి రైతు దారి మూయాలా?



కోతల పండుగ ఆరాధన ముగిశాక మన పల్లె సంఘాల్లో వేలం పాట జరగడం మీకు తెలిసిందే. కొత్త పంటలో నుండి తెచ్చిన ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, స్త్రీలు పొయ్యి దగ్గర రోజూ తీసిపెట్టిన పిడికెడు బియ్యం, అన్నీ ముందు పెట్టి ప్రార్థన చేసి, ఆ తరువాత ఆవరణలో పాట పెడతాం. 2023 చివరలో గోదావరి జిల్లాల్లో ఒక సంఘానికి వాక్య పరిచర్యకు వెళ్ళినప్పుడు, ఆ పాట దగ్గరే ఇద్దరు నన్ను ఆపి రెండు ప్రశ్నలు అడిగారు.

మొదటివాడు మూడెకరాలు కౌలుకు చేసుకునే సహోదరుడు. “అయ్యగారూ, అమెరికాలో మనవాళ్ళు బియ్యం కోసం క్యూలు కట్టారంట. ఇక్కడేమో మన బియ్యం ఓడ ఎక్కకూడదంట. మా పంటకు మంచి రేటు వచ్చేటప్పుడే గేటు వేస్తారేమండీ?” అన్నాడు. పక్కనే నిలబడి వింటున్న ఒక అక్క, పట్నంలో నాలుగిళ్ళలో పనిచేసి పిల్లల్ని చదివించుకుంటున్న ఆమె, వెంటనే అందుకుంది. “ఓడ ఎక్కితే మాకు రేటు పెరగదా అయ్యగారూ? ఇప్పుడే కిలో యాభై పెట్టి కొంటున్నాం.”

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచేవారే. ఇద్దరూ పేదవారే. ఆ రోజు నేను తృప్తికరమైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆ నిషేధం లేదు కాబట్టి నిదానంగా మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోవడం అవసరం కూడా. ఎందుకంటే పదహారేళ్ళ వ్యవధిలో ఇది రెండుసార్లు వచ్చింది. వానలు ముఖం చాటేసిన మరో ఏడాది మళ్ళీ రాకపోదు.

జరిగినదేమిటో ముందు చూద్దాం. 2022 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించి, బాస్మతి కాని తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. 2023 జూలై 20న ఆ తెల్ల బియ్యం ఎగుమతినే పూర్తిగా ఆపింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం పడింది. తెల్ల బియ్యం మీద నిషేధం 2024 సెప్టెంబరు 28 వరకు, అంటే పద్నాలుగు నెలలు నడిచింది. తరువాత టన్నుకు 490 డాలర్ల కనీస ధర షరతుతో తలుపు కొంచెం తెరిచారు. అక్టోబరులో ఆ షరతు కూడా తీసేశారు.

ఇది ఏదో ఒక పార్టీ చేసిన పని అనుకోవద్దు. 2007 అక్టోబరులో, తిరిగి 2008 ఏప్రిల్‌లో ఇలాంటి నిషేధమే పెట్టినది అప్పటి యూపీఏ ప్రభుత్వం. అది 2011 సెప్టెంబరు దాకా సాగింది. 2023లో పెట్టినది ఎన్డీయే. ఢిల్లీలో ఎవరు కూర్చున్నా, బియ్యం ధర పెరుగుతుందన్న భయం పుట్టగానే చెయ్యి మొదట ఓడరేవు గేటు మీదికే పోతోంది.

ప్రభుత్వం చెప్పిన కారణం అబద్ధం కాదు. 2023 జూలై నాటికి చిల్లర బజారులో బియ్యం ధర ఏడాదిలో 11.5 శాతం పెరిగింది. ఎల్‌నినో భయం ఉంది. ఆ ఆగస్టు 1901 తరువాత దేశం చూసిన అతి పొడి ఆగస్టు. పేదవాని పళ్ళెం గురించి ఏ పాలకుడైనా ఆందోళన చెందితే మనం దాన్ని తప్పు పట్టకూడదు. పాలకుల కొరకు ప్రార్థించమని మనకు ఆజ్ఞ ఉంది, వారి మంచి ఉద్దేశాన్ని గుర్తించడం కూడా ఆ విధేయతలో భాగమే. అయితే ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పద్ధతి మంచిదైపోదు. ఫలితం చూడాలి.

ఆ అక్క కొనే బియ్యం ధర తగ్గిందా? తగ్గలేదు. గేటు మూసి ఆరు నెలలు దాటిన 2024 ఫిబ్రవరిలో చిల్లర ధర అంతకు ముందు ఏడాది కంటే 13 శాతానికి పైగా ఎక్కువగా ఉంది. అందుకే ఆ నెలలో ప్రభుత్వమే “భారత్ రైస్” పేరిట కిలో 29 రూపాయలకు అమ్మవలసి వచ్చింది. నిషేధం లేకపోతే ధర ఇంకా పెరిగేదేమో అని వాదించవచ్చు, కొంత పెరిగేదే అని నేనూ ఒప్పుకుంటాను. కానీ జనం ఆశించిన తగ్గుదల మాత్రం రాలేదు.

బియ్యం లేకనా? 2023-24లో దేశంలో పండిన బియ్యం సుమారు 13 కోట్ల 70 లక్షల టన్నులు, అంతకు ముందు ఏడాది కంటే ఎక్కువే. 2024 సెప్టెంబరు నాటికి ప్రభుత్వ గోదాముల్లో 3 కోట్ల 20 లక్షల టన్నుల బియ్యం పోగుపడింది. అక్టోబరు మొదటి తేదీకి నిబంధన ప్రకారం ఉండవలసిన నిల్వ కోటి టన్నులకు కాస్త పైన. అవసరానికి మూడింతలు లోపల పెట్టుకుని మనం తలుపు వేసుకుని కూర్చున్నాం. ఆ తరువాత ఏమైంది? ఆ గుట్టలో నుండి 52 లక్షల టన్నులు ఇథనాల్ చేసే కర్మాగారాలకు కేటాయించారు, క్వింటాలు 2,250 రూపాయల చొప్పున. అదే బియ్యాన్ని సేకరించి, మిల్లాడించి, నిల్వచేయడానికి ఖజానాకు పడే ఖర్చు కిలోకు దాదాపు 40 రూపాయలు. మనుషుల నోటికి అందకుండా ఆపిన గింజ చివరికి కారు ఇంధనంలోకి పోయింది, అదీ సగం ధరకు.

ఇక రైతు సంగతి. ఆ ఏడాది ధాన్యం ధర పడిపోయిందని చెప్పను. వర్షాభావం వల్ల కొన్నిచోట్ల సన్న రకాలకు మద్దతు ధరకు మించే పలికింది. సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు, మన 75 కిలోల బస్తాకు లెక్క వేస్తే 1,637 రూపాయలు. కానీ మనం గేటు మూసిన కొద్ది వారాలకే ప్రపంచ బజారులో బియ్యం ధర పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్ళింది. థాయిలాండ్ బియ్యం టన్ను 600 డాలర్లు దాటింది. ఆ పెరుగుదల థాయిలాండ్, వియత్నాం రైతుల ఇంటికి చేరింది. మన సహోదరుని ఇంటికి చేరలేదు. వాన రాని సంవత్సరం నష్టం అతనిది. ధర వచ్చిన సంవత్సరం లాభం మాత్రం అతనిది కాకుండా పోయింది.

ఒక్క ఏడాది లెక్క కాదిది. 2018లో ఓఈసీడీ, ఇక్రియర్ సంస్థలు కలిసి భారత వ్యవసాయ విధానం మీద ఒక అధ్యయనం వెలువరించాయి. 2000-01 నుండి 2016-17 వరకు ఎరువుల రాయితీ, కరెంటు రాయితీ వంటివన్నీ కలుపుకున్న తరువాత కూడా, ఎగుమతి ఆంక్షలు, మార్కెట్ కట్టుబాట్ల మూలంగా రైతుల రాబడి సగటున ఏటా 14 శాతం మేర తగ్గిందని అది తేల్చింది. మనం రైతుకు రాయితీలు ఇస్తున్నామని అనుకుంటాం. ఒక జేబులో వేసి, రెండో జేబులో నుండి అంతకంటే ఎక్కువ తీస్తున్నామని ఆ లెక్క చెబుతోంది.

మద్దతు ధర ఉంది కదా అంటారు. 2015లో శాంతకుమార్ కమిటీ చెప్పినదాని ప్రకారం దేశం మొత్తమ్మీద మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్మగలిగిన రైతులు ఆరు శాతమే. మన తెలుగు రాష్ట్రాల్లో సేకరణ అంతకంటే మెరుగే. అయినా కౌలు రైతు పేరు పాస్‌బుక్కులో ఉండదు. కాగితం లేనివాడు తేమ శాతం పేరు చెప్పి కోత పెట్టే వ్యాపారి దగ్గరికే పోతాడు. మన సంఘాల్లో భూమి ఉన్నవారి కంటే కౌలుకు చేసేవారే ఎక్కువ, వారికంటే కూలికి వెళ్ళేవారు ఇంకా ఎక్కువ. రైతుకు రాని రూపాయి కూలికీ రాదు.

కోనసీమ వాళ్ళకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. మొదటి నిషేధం నాలుగో ఏడు నడుస్తుండగా, 2011 సార్వాలో వేలాది ఎకరాలను బీడు పెట్టి అక్కడి రైతులు పంట విరామం ప్రకటించారు. కూలి ఖర్చులు, మురుగు కాల్వల సమస్య, గోదాముల్లో చోటు లేకపోవడం, మిల్లర్లు కొనకపోవడం, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో పాత ధాన్యం కదలకుండా ఉండిపోవడం ఒకటి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. దేశానికి అన్నం పెట్టే డెల్టాలో, నీళ్ళు ఉండి, పొలం ఉండి, నాట్లు వేయకూడదని రైతు నిర్ణయించుకున్నాడంటే, ధర అతనికి ఏమి చెప్పిందో ఆలోచించండి.

ధర చెప్పేది అదే. ధర అంటే వ్యాపారి అత్యాశ అని మనం ప్రసంగాల్లో తేలిగ్గా అంటుంటాం. అత్యాశ ఉన్నమాట నిజమే, దాన్ని గద్దించాలి కూడా. కానీ ధర ఒక వార్త కూడా. ఫిలిప్పీన్స్‌లో తుపాను వచ్చిందో, పంజాబులో వాన ఎక్కువైందో కోనసీమ రైతుకు తెలియదు. బస్తా రేటు వంద పెరిగితే మాత్రం తెలుస్తుంది. దాళ్వాకు ఇంకో ఎకరం వేయాలని అతనికి, నిల్వ బయటికి తీయాలని మిల్లరుకు, కాస్త పొదుపుగా వాడాలని కొనేవారికి ఆ రేటే చెబుతుంది. ఢిల్లీలో ఒక ఉత్తర్వుతో ఆ వార్తను ఆపితే కరువు ఆగదు. వార్త అందవలసినవారికి అందకుండా పోతుంది, అంతే.

ఆ ఉత్తర్వు వార్తను ఆపడమే కాదు, భయాన్ని కూడా పంచుతుంది. 2023 జూలైలో డల్లాస్ వంటి ఊళ్ళలో మన తెలుగువారు సోనామసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. ఒక్కొక్కరికి ఒక్క బస్తానే అని కొందరు బోర్డులు పెట్టారు. నిన్నటి దాకా ఉన్న బియ్యమే, రేపు దొరకదన్న భయంతో ఇవాళే అయిపోయింది. 2008లో దేశాలు ఒకదాని తరువాత ఒకటి గేట్లు మూసినప్పుడు థాయిలాండ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్లు దాటింది. తన గోదాముల్లోని దిగుమతి బియ్యాన్ని బయటికి వదులుతానని జపాను మాట ఇవ్వగానే ధర దిగడం మొదలైంది. అప్పటికి ఓడ ఇంకా బయలుదేరలేదు. తలుపు తెరిచి ఉంటుందన్న నమ్మకం ఎంత పనిచేస్తుందో దీన్నిబట్టి చూడవచ్చు.

పొరుగువారి మాట కూడా ఉంది. ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. సెనెగల్, బెనిన్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో పేదలు తినేది చాలావరకు మన నూకలు, మన ఉప్పుడు బియ్యమే. కాకినాడ రేవులో ఓడ ఆగితే అక్కడ కుండ ఆగుతుంది. నిషేధ కాలంలో అడిగిన దేశాలకు ప్రభుత్వం కోటాలు ఇచ్చింది. నేపాలుకు 95,000 టన్నులు, ఫిలిప్పీన్స్‌కు 2,95,000 టన్నులు, ఇలా. అంటే బేరం ఆగలేదు, అనుమతి దగ్గరికి మారింది. ఎవరు ఎంత తినాలో బల్ల వెనుక కూర్చున్న అధికారి నిర్ణయించే స్థితి వచ్చింది.

ఇక్కడ నాకు యోసేపు గుర్తుకు వస్తాడు. ప్రభుత్వం ధాన్యం నిల్వ చేయాలనడానికి మనం ఎప్పుడూ చూపే ఉదాహరణ అతడే, అది న్యాయమే. కానీ ఆ వృత్తాంతంలో మనం దాటిపోయే సంగతి ఒకటుంది. కరువు ఐగుప్తులోనూ ఉంది, కనానులోనూ ఉంది. అయినా ఐగుప్తు తన కొట్లను పొరుగు దేశాలవారికి మూయలేదు. ఆదికాండము 41వ అధ్యాయం చివర చూడండి, ఇతర దేశాలవారు కొనడానికి అక్కడికి వచ్చారు. ఐగుప్తు గింజ ఐగుప్తీయులకే అని ఫరో ఆజ్ఞ ఇచ్చి ఉంటే యాకోబు ఇంటివారు ఏమయ్యేవారు? గింజను బిగబట్టినవాడిని జనులు శపిస్తారనీ, అమ్మేవాని తలమీదికి దీవెన వస్తుందనీ చెప్పే సామెతలు 11:26ను మనం వ్యాపారుల మీదనే ప్రయోగిస్తాం. బిగబట్టేది ప్రభుత్వమైతే ఆ మాట వర్తించదా?

అయితే ఆ అక్క ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. దానికి జవాబు చెప్పకుండా స్వేచ్ఛా వ్యాపారాన్ని పొగిడితే అది సగం సత్యమే అవుతుంది. చరిత్రలో ఆ సగం సత్యం మన పూర్వికులనే బలి తీసుకుంది. 1876-78 నాటి మహా కరువులో వైస్రాయి లిట్టన్ ధాన్యం వ్యాపారంలో జోక్యం వద్దే వద్దన్నాడు. అది చాలదన్నట్టు సహాయపు పనులకు వచ్చినవారి కూలిని కూడా కోశారు. మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ రోజు కూలిని ఒక పౌను ధాన్యానికి, దానిమీద కొద్దిపాటి పైకానికి దించాడు. ధాన్యం రైళ్ళలో తిరిగింది, కొనే డబ్బు లేనివారు లక్షలాదిగా చచ్చిపోయారు. బజారుకు డబ్బున్న చేతులే కనబడతాయి. ఈ సంగతిని బజారును మెచ్చుకునేవారు ముందుగా ఒప్పుకోవాలి.

ఆ కరువులోనే ఒంగోలులో జాన్ క్లౌ దొరగారు ఏమి చేశారో మన సంఘాలకు తెలుసు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారికి అక్కడ పని ఇచ్చి, కూలి చేతిలో పెట్టారు. చేతిలో కూలి ఉంటే గింజ కొనుక్కోవచ్చు. ఆ కాలువకు డబ్బు ఖజానాది. ఆయన ధర కట్టడి చేయలేదు, ఎవరి ధాన్యం బండినీ ఆపలేదు. లేనివాని చేతిలో కొనే శక్తి పెట్టారు. అన్నం కోసం ఎవరూ బాప్తిస్మం అడగకూడదని సహాయం జరిగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. కరువు తీరాక, 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ప్రభుత్వం చేయవలసిన పనికి, చేయకూడని పనికి మధ్య గీత ఇక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. పేదకు అన్నం పెట్టడం అందరి బాధ్యత. అందరి బాధ్యత గనుక అందరూ నింపే ఖజానా నుండి చేయాలి. 1983లో ఎన్టీఆర్ ఇచ్చిన రెండు రూపాయల కిలో బియ్యమైనా, ఇప్పుడు 81 కోట్ల మందికి ఇస్తున్న ఐదు కిలోల ఉచిత తిండిగింజలైనా ఆ కోవలోనివే. వాటిలో దుబారా ఉంటే సరిదిద్దుకోవచ్చు, కానీ ఆ భారాన్ని మోసేది దేశం. ఎగుమతి నిషేధంలో ఆ భారాన్ని మోసేది రైతు ఒక్కడే. పైగా లాభం పేదకు ఒక్కరికే పోదు. నెలకు లక్షలు సంపాదించేవాడికీ, మీకూ నాకూ కూడా ఆ కౌలు రైతు ఖర్చు మీదనే బియ్యం చవకవుతుంది. ధర్మశాస్త్రం పొలం అంచులు పేదకు విడిచిపెట్టమంది. మిగిలిన పంటను ఊరందరికీ చవకగా అమ్మమని ఆజ్ఞాపించలేదు.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. కరువు భయం ఉన్నప్పుడు ముందు గోదాములోని నిల్వను బజారులోకి వదలాలి, అవసరమైన ఇళ్ళకు కోటా పెంచాలి. గేటు మూయడం రాత్రికి రాత్రి ఉత్తర్వుతో జరగకూడదు. ఏ పరిస్థితిలో ఎంత సుంకం పడుతుందో నాట్లకు ముందే రైతుకు తెలియాలి. కౌలు రైతుకు అతని పేరు మీద కాగితం ఉండాలి, అది లేకుండా బజారు స్వేచ్ఛ అయినా ప్రభుత్వ సాయమైనా అతని గుమ్మం దాకా రాదు. ఇవి ఏ పార్టీ సభ్యుడైనా తన శాసనసభ్యుని దగ్గర, పార్లమెంటు సభ్యుని దగ్గర మర్యాదగా అడగగల సంగతులు.

సంఘంగా మన వంతు కూడా ఉంది. పిడికెడు బియ్యం మన అమ్మమ్మలు మొదలుపెట్టిన పద్ధతి. ఎవరి పొయ్యి దగ్గర వారు తమ సొంత గింజలో నుండి తీసి పెట్టారు, పొరుగింటి గంపలో నుండి తీయలేదు. చాలా పట్టణ సంఘాల్లో అది ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టండి. ధరలు పెరిగిన నెలల్లో ఆ బియ్యం మన సంఘంలోనే ఎవరి ఇంటికి పోవాలో పెద్దలు చూడండి.

ఆ సంఘంలో మళ్ళీ కోతల పండుగ వస్తుంది. ఆ సహోదరుడూ ఆ అక్కా మళ్ళీ పక్కపక్కనే నిలబడతారు. ఇతని బస్తాకు న్యాయమైన ధర రావాలి, ఆమె పిల్లల పళ్ళెంలో అన్నం ఉండాలి. ఒకరి నోటిదగ్గర తీసి ఇంకొకరికి పెట్టనక్కరలేకుండా ఈ రెండూ జరిగే మార్గాన్ని మన పాలకులకు ప్రభువు చూపించును గాక. అందుకై అడిగే ధైర్యాన్ని మనకు దయచేయును గాక. ఆమేన్.